నిచ్చెన పట్టుకున్న మనిషి

జూన్ 4

అన్నయ్యకి,

పెట్టె చేరిందని కొరియర్ అబ్బాయి ఫోటో పంపాడు. అందులో నీ గుమ్మం, నీ చెప్పులు, పక్కన పెట్టె ఉన్నాయి. నీ నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పెట్టెలో ఉన్నది కంప్యూటరు, పాము కాదు. పై వాటా టీచరమ్మను పిలిచి తీగలు పెట్టించుకో. ఆవిడతో నేను ముందే మాట్లాడాను.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. మనం ఫోన్ ఎత్తితే నాలుగో మాటకి పోట్లాటే. అందుకేగా వదిన ఆ రూలు పెట్టింది. అన్నాచెల్లెళ్లు ఉత్తరాలే రాసుకోవాలి, ఒకరి మీద ఒకరికి కోపం ఉన్నప్పుడు వచ్చిన ఉత్తరం చల్లబడేదాకా విప్పకూడదు. వదిన పోయి రెండేళ్లవుతోంది. రూలు మాత్రం పోలేదు.

నేను ఆఫీసులో ఏం వెలగబెడతానో నీకెప్పుడూ అర్థం కాలేదు. 'మా చెల్లెలు బొమ్మలాటలకి మాటలు రాస్తుంది' అని నీ స్నేహితులకి చెప్తావట. నిజానికి అంతే. ఆడేవాళ్లు ఒక బొమ్మను వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతారు. దారిలో మనుషులు తగులుతారు, వాళ్లతో మాట్లాడాలి. కత్తియుద్ధాలు కూడా ఉన్నాయి, వాటి జోలికి నువ్వు పోకు. ఎన్నేళ్లయినా జనం గుర్తుపెట్టుకునేది యుద్ధాల్ని కాదు, దారిలో తగిలిన ఎవరో ఒక తిక్క మనిషిని. అలాంటివాళ్లను రాయడమే నా పని.

ఒక్కటే లోటు. మా ఆటలో కెమెరా పైన ఉంటుంది, మేడ మీంచి వీధిలోకి చూసినట్టు. నెత్తులూ భుజాలూ కనిపిస్తాయి కానీ మొహాలు కనిపించవు. కొంచెం ఓర్చుకో.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ ఆటలో నీకు బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు. నేనే రాశాను. ఎవరో చెప్పను, నువ్వే కనుక్కో. నచ్చకపోతే మొహమాటపడకు. ఈ ఆటకి ఇంకొక్క అప్‌డేట్ ఉంది, అంటే మేం తప్పొప్పులు దిద్ది పంపిస్తే అందరి కంప్యూటర్లలో ఆట దానంతటదే మారిపోతుంది. అది జూలై పన్నెండున. ఆ తర్వాత మా జట్టంతా కొత్త ఆటకి వెళ్లిపోతుంది, ఇక దీని మీద నేను చెయ్యి వేయలేను. ఆలోగా నువ్వు వద్దంటే ఆ మనిషిని తీసేస్తాను.

నీ మాట కోసం చూస్తుంటాను. ఇంత భయం ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా వేయలేదు.

నీ పిచ్చుక


జూన్ 19

పిచ్చుకా,

కంప్యూటరు బిగించాం. టీచరమ్మ రెండు పూటలు పాఠం చెప్పి, మూడో పూట నా చెయ్యి మౌస్ మీద పెట్టి, 'బ్రష్షు పట్టుకున్నట్టు పట్టుకోండి' అంది. అప్పుడొచ్చింది. అంతకుముందు నా బొమ్మ గోడని గుద్దుకుంటూ నడుస్తోంది, ఆపడం తెలియక చూస్తూ కూర్చున్నాను. గోడకీ బొమ్మకీ ఏమీ కాలేదు.

మీ ఆటలో అక్షరాలు ఎవరు రాశారు? తలకట్టు గాలికి ఎగిరిపోతున్నట్టుంది. బోర్డు మీద నేనట్లా రాస్తే షాపువాడు డబ్బులివ్వడు సరికదా, నా రంగు డబ్బా కూడా లాక్కునేవాడు. ఇప్పుడెలాగూ బోర్డులు లేవులే. అందరూ ఫ్లెక్సీలు ప్రింటు తీసుకుంటున్నారు. ఇంటి నంబర్లు, తలుపుల మీద పేర్లు, నేల మీద నిలబడి రాసేవి ఏవైనా వస్తే రాస్తున్నాను. నిచ్చెన పెరట్లో పడుకోబెట్టి తువ్వాళ్లు ఆరేసుకుంటున్నాను. పట్టుకునే మనిషి లేకుండా ఈ వయసులో నిచ్చెన ఎక్కి నేను ఎవరికి చూపించాలి?

ఇక నువ్వు చెప్పిన మనిషి. మూడో రోజే పట్టేశాను. వంతెన ఊళ్లో నిచ్చెన కనిపించగానే అర్థమైంది, నోరు విప్పగానే ఖాయమైంది. అరుపు లేకపోతే ఎత్తిపొడుపు. వచ్చేపోయేవాళ్లకి వంకలు పెట్టడం తప్ప వేరే పని లేదు. ఇంటి మనిషిని తీసుకెళ్లి బజార్లో నిలబెట్టి, దారినపోయేవాళ్లందరి చేత నవ్వించడానికా నువ్వు ఇంత చదువు చదివింది? టీచరమ్మ పక్కనే ఉంది, ఆవిడ కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. పైగా మొహం కూడా లేదు. నెత్తి ఒక్కటే. అంత అక్కసు ఉన్నదానివి మొహమైనా ఇవ్వలేకపోయావా?

పేరు రాయను, రాస్తే నాకే సిగ్గు. ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తీసేయ్. నేను చెప్పానంటే చెప్పినట్టే.

అన్నయ్య


జూన్ 25

అన్నయ్యకి,

నీ ఉత్తరం మెట్ల మీదే విప్పి చదివాను. ఇంట్లోకి వెళ్లి కూర్చుని మళ్లీ చదివాను. రెండోసారైనా మారుతుందేమోనని ఆశ.

నవ్వించడానికి రాయలేదు. ప్రేమతోనే రాశాను. కల్పించింది ఒక్క మాట లేదు, అన్నీ నేను చెవులారా విన్నవే. నోరు పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ ఆ నోటి వెనక ఏముందో ఆడేవాళ్లకి తెలుస్తుందనుకున్నాను, చాలామందికి తెలిసింది కూడా. ముక్కూ మొహం తెలియనివాళ్లు మా ఆఫీసుకి రాస్తున్నారు, ఆట అయిపోయాక కూడా ఊరికే వెళ్లి ఆ మనిషి దగ్గర కాసేపు నిలబడుతున్నామని. ఆ ముక్క నీకు చెప్పి మురిసిపోదామనుకున్నాను.

నువ్వు పేరు రాయలేదు. నేనూ రాయను. మానుతున్న చోట గోకింది నేనే. నీకు నొప్పి కలిగాక ఊళ్లోవాళ్ల మెప్పు నాకెందుకు? మా ఆఫీసు పెద్దాయన దగ్గరికి వెళ్లి, అప్‌డేట్‌లో ఆ మనిషిని తీసేస్తామని చెప్పాను. 'మన ఆటలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్కరినే కదమ్మా' అన్నాడాయన. ఇంటి విషయం సార్ అన్నాను. ఇంకేమీ అడగలేదు.

మొహమైనా ఇవ్వలేకపోయావా అన్నావు చూడు, ఆ మాటకి మాత్రం నిద్ర పట్టలేదు. కెమెరాని కిందికి దింపి, బొమ్మ భుజం వెనక పెట్టే పని మా దగ్గర ఎన్నో నెలలుగా సగంలో ఉంది. ఇన్నాళ్లూ పైనుంచే చూపించాం కాబట్టి పైకప్పులకి రంగులు వేశాం, గోడలకి వేయలేదు. జుట్టు గీశాం, మొహాలు గీయలేదు. దింపితే అవన్నీ గీయాలి, ఎందుకొచ్చిన గొడవలే అని ఆపేశారు. నిన్న మీటింగులో నేను పట్టుబట్టాను. గొంతు పెంచాను కూడా, అచ్చం నీలాగే. చివరికి దింపుతామన్నారు. నువ్వు వద్దన్న మనిషికి ఇక ఆ మొహం అక్కర్లేదనుకో. మిగతా వాళ్లకైనా ఉంటుంది.

జూలై అయిదులోగా నీ నుంచి ఇంకో మాట రాకపోతే తీసేస్తాను. రావాలనే నా కోరిక.

కోపం పోయాక విప్పావని ఆశిస్తూ,
పిచ్చుక


జూలై 10

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఇంకా కుతకుతా ఉడుకుతున్నాను. రూలు రూలే కదా, విప్పకుండా బ్రష్షుల డబ్బా కింద పెట్టాను. నిన్న విప్పాను. అయిదో తారీకు ఎప్పుడో దాటిపోయింది, దాని గురించి ఏమీ అనుకోకు. తీసేస్తే తీసేయ్, ఉంచితే ఉంచు. వంతెన దగ్గర మంచె ఎక్కి కూర్చుని, 'నేను చెప్పానంటే చెప్పినట్టే' అని అందరి మీదా అరిచే ఆ కావలివాడు నేను కాక ఇంకెవరు? నా మాట నా నోట్లోంచి తీసి వాడి నోట్లో పెట్టావు. మొదట ఒళ్లు మండింది. ఇప్పుడు వాడి పక్క నుంచి వెళ్తూ ఒక దణ్ణం పడేస్తున్నాను. నిచ్చెన ఉన్నా దిగడు, వెధవ.

ఈ ఉత్తరం వాడి గురించి కాదు. వంతెన దాటి కుడిచేతి వీధిలోకి వెళ్తే ఒక దీపాల కొట్టుంది. నువ్వెప్పుడైనా ఆ వైపు చూశావో లేదో. కొట్టు ముందు దీపస్తంభానికి నిచ్చెన ఆనించి ఉంటుంది, పైన ఒకాయన దీపం తుడుస్తుంటాడు, నోట్లో మాట ఉండదు. కింద ఒకావిడ నిచ్చెన పట్టుకుని ఉంటుంది. ఒక చెయ్యి నిచ్చెన మీద, రెండో చేతిలో నూనె డబ్బా. నా బొమ్మ దగ్గరికెళ్లేసరికి పైనున్నాయనతో అంటోంది, 'ఎడమ పక్కకి కుంగింది. దిగొచ్చి చూడండి. అంత దగ్గర్నుంచి చూస్తే ఏదైనా బాగానే ఉంటుంది.'

నేను మౌస్ వదిలేశాను.

లేచి మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ పట్టుకున్నాను. నా బొమ్మ ఆవిడతో ఏమేం అనొచ్చో కింద అక్షరాల్లో వచ్చింది. అందులో ఒకటి, 'కాస్త పక్కకి జరగండి, దారి కావాలి.' అది నొక్కాను, ఏమంటుందో చూద్దామని. 'జరగను. నేను జరిగితే పైనున్నాయన పడతాడు. నువ్వే చుట్టూ తిరిగి పో' అంది. మెయిన్ రోడ్డు మీద బట్టల షాపు బోర్డు రాస్తున్నప్పుడు మీ వదిన ఈ మాటే అంది, కారు హారన్ కొడుతున్న పెద్దమనిషితో. ఆయన చుట్టూ తిరిగే పోయాడు.

ఎవరే ఆవిణ్ణి రాసింది? ఒక్క మనిషినే రాశానన్నావు, ఆ ఒక్కడూ మంచె మీదున్నాడు. మరి పక్క టేబుల్ వాళ్లెవరికైనా మీ వదిన గురించి చెప్పావా? ఎవరైనా సరే, వాళ్లకి నా పేరు చెప్పి మంచి భోజనం పెట్టించు.

ఇంకో సంగతి. ఆ కెమెరా లోటన్నావు. నేనూ ఏదో వాగాను, మొహం లేదని. పిచ్చిదానా, మీ వదినని నేను చూసింది అలాగేగా. పనిలో ఉన్నంతసేపూ నేను పైన, ఆమె కింద. పాపిట కొంచెం ఎడమకి వంకర, చెవి వెనక పెన్సిలు, నిచ్చెన మీద చెయ్యి. సరిగ్గా పైమెట్టు మీంచి ఎంత ఎత్తు ఉంటుందో అంతే ఎత్తు. మొహం చూపించి ఉంటే ఇంకెవరో అయ్యేది. నెత్తి చూపించారు కాబట్టి ఆమే. నా కోసమే అక్కడ పెట్టించావని టీచరమ్మతో చెప్పాను. మా చెల్లెలు కొలత పెట్టకుండా ఏదీ చెయ్యదని గొప్పలు కూడా పోయాను.

రోజూ భోజనం కాగానే అక్కడికే వెళ్తున్నాను. దీపం కావాలా అంటుంది, వద్దంటాను. మళ్లీ అడుగుతుంది. ఆట ముందుకి నడవదా అని టీచరమ్మ అడిగింది. నడవదు అన్నాను.

చల్లబడిన,
అన్నయ్య


జూలై 14

పిచ్చుకా,

నా ముందు ఉత్తరం ఇంకా నీకు చేరి ఉండదు. అయినా ఆగలేక రాస్తున్నాను.

ఆట మారింది. నిన్న తెరిచేసరికి తెర మీద ఒక గీత నిండుతూ కూర్చుంది, నిండాక చూస్తే కెమెరా కిందికి దిగింది. నా బొమ్మ భుజం వెనక నిలబడి చూస్తున్నట్టుంది. ఇళ్లకి గోడలొచ్చాయి, మనుషులకి మొహాలొచ్చాయి. కెమెరా దింపుతామని నువ్వు రాసిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. లేచి వెళ్లి జుట్టు దువ్వుకున్నాను, నవ్వకు.

కుడిచేతి వీధికి వెళ్లాను. కొట్టు మూసి ఉంది. నిచ్చెన లేదు, దీపస్తంభం మీద ఆయనా లేడు. తలుపు మీద నొక్కితే 'మూసి ఉంది' అని మాత్రం వస్తోంది. ఆవిడ ఊరెళ్లిందా? మీ ఆటల్లో మనుషులు అలా వెళ్లొస్తుంటారా? ఎప్పుడు తెరుస్తుందో కనుక్కుని రాయి.

కావలివాడు మాత్రం మంచె మీదే ఉన్నాడు. వాణ్ణేగా తీస్తానన్నావు?

అన్నయ్య


జూలై 18

అన్నయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చదవాలో తెలియక తారీకు చూసి పాతది విప్పాను. చదివి, ఫోన్ ఎత్తాను, పెట్టేశాను. మళ్లీ ఎత్తాను. ఈ మాట ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆవిణ్ణి రాసింది నేనే. నీకు తెలిసిన మనిషి ఉన్నారన్నది ఆవిడ గురించే. కావలివాణ్ణి రాసింది నా పక్క టేబుల్ అతను, వాళ్ల మామగారిని తలుచుకుని రాశాడు. ఆ 'చెప్పానంటే చెప్పినట్టే' మీ ఇద్దరికీ ఎలా కుదిరిందో నాకు తెలియదు. నువ్వు నిచ్చెన అన్నావు, నోరు అన్నావు, ఇంటి మనిషి అన్నావు. నేను వదిన తప్ప ఇంకెవర్నీ అనుకోలేదు. నువ్వు పేరు రాయనన్నావని నేనూ రాయలేదు. ఒక్క ముక్క, 'వదినని తీసేస్తున్నాను' అని రాసి ఉంటే సరిపోయేది. నిన్ను నొప్పించకూడదని మెల్లగా నడిచి నడిచి, చివరికి నా చేత్తోనే వదినని తీసేశాను.

వెళ్లి అడిగాను. కాళ్లావేళ్లా పడ్డాను. పెద్దాయన మంచివాడే, ఆయనకీ బాధగానే ఉంది. కానీ ఈ ఆట చూసే జట్టే ఇప్పుడు లేదు. బల్లలు కూడా మార్చేశారు, నేను వేరే అంతస్తులో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకో అప్‌డేట్ ఉండదు. ఆవిడ ఊరెళ్లలేదన్నయ్యా. రాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచుకుంటే నా కడుపు ఉబ్బిపోతుంది. ఆ కెమెరా పైన పెట్టింది నేను కాదు. మా ఆట మొదలైనప్పటి నుంచీ అక్కడే ఉంది, ఊరంతా ఒక్కసారే కనిపించాలని. దాన్ని చూసి నేను సిగ్గుపడేదాన్ని. నీ ఒక్క మాటకి గొంతు చించుకుని కిందికి దింపించింది మాత్రం నేనే. అది నిచ్చెన పైమెట్టు ఎత్తని నాకెప్పుడూ తట్టలేదు. నేనెప్పుడూ ఆ నిచ్చెన ఎక్కలేదు కదా.

వదిన మాటలన్నీ నేను రాసినవి నా దగ్గర ఉన్నాయి. కాగితాల మీద తీసి పంపనా?

క్షమించు అని రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు.

పిచ్చుక


ఆగస్టు 2

పిచ్చుకా,

కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు? ఈసారి కోపం వచ్చినా పక్కన పెట్టకుండా చివరిదాకా చదివాను. ఆ రూలు పెట్టినామె మంచికే పెట్టింది కానీ, ఆ రూలే పట్టుకుని నీ ఉత్తరాన్ని డబ్బా కింద పడుకోబెట్టి ఆమెను పోగొట్టుకున్నాను. రెండోసారి పోగొట్టుకోవడం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందనుకోలేదు. మొదటిసారి కనీసం ఇంటినిండా మనుషులున్నారు.

కంప్యూటరు మీద గుడ్డ కప్పేశాను. పది రోజులు తియ్యలేదు. టీచరమ్మ వచ్చి ఊరికే కూర్చుని వెళ్లేది. నిన్ను తిట్టుకున్నాను, నన్ను తిట్టుకున్నాను, మొహాలు గీసినవాళ్లను కూడా తిట్టుకున్నాను. నువ్వు నన్ను ఎగతాళి చేస్తావని ఎలా అనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే నాకే తెలియడం లేదు. మంచె మీద అరిచేవాణ్ణి చూసి వెంటనే నేనే అనుకున్నానంటే, చెల్లీ, మనిషికి తన గురించి తనకి తెలిసే ఉంటుంది.

కాగితాలు పంపొద్దు. ఆ మాటలు నా దగ్గర ఉన్నాయి, రోజుకొకటి గుర్తొస్తోంది. వాటిని అచ్చులో చూస్తే మళ్లీ తలకట్టులకి వంకలు పెడతాను.

నిన్న గుడ్డ తీశాను. కుడిచేతి వీధికి వెళ్లలేదు. వంతెన దగ్గరే ఆగాను. ఆ కావలివాడు ఎప్పటిలాగే పైన ఉన్నాడు. ఇన్ని రోజులూ నేను గమనించలేదు, వాడి మంచె నిచ్చెన కింద ఎవరూ లేరు. నా బొమ్మను తీసుకెళ్లి నిచ్చెన మొదట్లో నిలబెట్టాను. ఇప్పుడు కెమెరా కింద ఉందిగా, మౌస్ కదిపి పైకి చూశాను.

ఏముందో చెప్పనా? రెండు అరికాళ్లు. చెక్కల అడుగు భాగం, కళ్లలోకి కొట్టే ఎండ. అంతే. మొహం కనిపించదు. అంతసేపు తల పైకెత్తి చూస్తూ కూర్చుంటే నా మెడే పట్టేసింది, కంప్యూటరు ముందు కుర్చీలో ఉండి. మీ వదిన అన్నేళ్లూ చూసింది ఇదన్నమాట. దిగొచ్చి చూడండి అన్నప్పుడల్లా నేను దిగాను. దిగి బోర్డు చూశాను, కుంగిన అక్షరం సరిచేయడానికి మళ్లీ ఎక్కాను. ఆమె నిలబడిన చోట నిలబడి పైకి చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు. నువ్వు కెమెరా దింపించకపోయి ఉంటే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకని నీకు థాంక్స్ చెప్పాలో, నెత్తిన ఒక్కటి మొట్టాలో తేలడం లేదు. ఈసారి వచ్చినప్పుడు రెండూ తీసుకో.

ఇకనుంచి ఎవరి గురించి రాస్తున్నామో పేరు పెట్టే రాద్దాం. కోపంగా ఉన్నా సరే విప్పుదాం. మీ వదిన ఒప్పుకునేది కాదు కానీ, ఒప్పుకోకపోయినా నిచ్చెన మాత్రం వదిలేది కాదు.

నేను కదలకుండా నిలబడేసరికి ఆ కావలివాడు పైనుంచి అరిచాడు, ఎవరక్కడ, పక్కకి జరుగు అని. కింద నా బొమ్మ అనదగిన మాటలు కొన్ని వచ్చాయి. వాటిల్లో నాకు కావలసిన మీ వదిన మాట లేదు. ఏదీ నొక్కలేదు, జరగలేదు.

ఇంతలో టీచరమ్మ భోజనానికి పిలిచింది. లేచాను కానీ కంప్యూటరు ఆపలేదు. బొమ్మను అక్కడే నిలబెట్టి వచ్చాను.

అన్నయ్య